ఇనుము గుర్రుమంటుంది.. వెండి ఈల వేస్తుంది!

లెస్టర్‌లో చదువుకునే తెలుగు పిల్లల్ని ‘వీకెండ్ ఎక్కడికెళ్ళారు?’ అనడిగితే మూడే జవాబులు వస్తాయి. లండన్, బర్మింగ్‌హామ్, లేదంటే బెల్‌గ్రేవ్ రోడ్‌లో దోసె. ఊరికి పడమరగా పాతిక కిలోమీటర్ల లోపే ఇంగ్లండ్ చరిత్రని మలుపు తిప్పిన ఒక యుద్ధభూమి ఉందని చెబితే ‘అవునా, అక్కడేముంటుంది?’ అంటారు. ఉన్నమాట చెప్పాలంటే పెద్దగా ఏమీ ఉండదు. పొలాలు, గొర్రెలు, ఒక కాలవ, చెవులు కొరికే గాలి.

కానీ ఆ పొలాలదొక వింత కథ. అక్కడ ఒక రాజు చనిపోయాడు. ఆయన ఎక్కడ చనిపోయాడో చాలా ఏళ్ళపాటు జనం వేరే చోటు చూపిస్తూ వచ్చారు. అసలు చోటు ఇదీ అని తేల్చింది ఒక కర్ర, దాని చివర పళ్ళెంలాంటి చక్రం, చెవులకి హెడ్‌ఫోన్లు. అదే, మెటల్ డిటెక్టర్.

మెటల్ డిటెక్టర్ అంటే మనకి సినిమా హాలు గేటు, తిరుపతి క్యూ, ఎయిర్‌పోర్టులో చేతులు చాపి నిలబడటం గుర్తొస్తాయి. అక్కడ దాని పని ఒకటే, లోహం ఉందా లేదా. పొలంలో వాడే డిటెక్టర్ పని అది కాదు. కింద ఉన్నది ఇనుమా, మరొకటా అన్నది తవ్వకముందే చెప్పాలి. అదెలా చెబుతుందో తెలుసుకోవాలని నేనూ, నా రూమ్మేటూ ఒక శనివారం బయల్దేరాం.

కొండ మీద జెండాలు, కింద ఖాళీ

బోస్వర్త్ యుద్ధం 1485 ఆగస్టు 22న జరిగింది. ఒకవైపు రాజు మూడో రిచర్డ్. మరోవైపు ఫ్రాన్స్ నుంచి పడవెక్కి వచ్చిన హెన్రీ ట్యూడర్. పొద్దుగూకేలోపు రిచర్డ్ చచ్చిపోయాడు, హెన్రీ రాజయ్యాడు. ఇంగ్లండ్‌లో యుద్ధంలో చనిపోయిన ఆఖరి రాజు రిచర్డే. ఆ రోజుతో ట్యూడర్ల కాలం మొదలైంది. ఆరుగురు భార్యల ఎనిమిదో హెన్రీ ఈ హెన్రీ కొడుకు. మన దేశానికి ఈస్ట్ ఇండియా కంపెనీని పంపడానికి 1600లో పట్టా ఇచ్చిన మొదటి ఎలిజబెత్ రాణి ఈయన మనవరాలు. అంటే ఈ గొర్రెల పొలంలో జరిగినదానికీ మనకీ ఎక్కడో ఒక పోగు ఉంది.

కారు ఆపింది సటన్ చేనీ అనే పల్లె పక్కన, ఆంబియన్ హిల్ దగ్గర. ‘హిల్’ అంటున్నారు గానీ మనవైపు దాన్ని మిట్ట అంటారు. జెండాలు ఎగురుతున్నాయి. 1974లో ఇక్కడ జిల్లా కౌన్సిల్ వాళ్ళు సందర్శకుల కేంద్రం పెట్టారు. రిచర్డ్ ఇక్కడే నీళ్ళు తాగాడని చెప్పే ఒక ఊటబావి కూడా ఉంది. దాని మీద రాళ్ళ కట్టడం 1813 నాటిది. అంటే ‘యుద్ధం ఇక్కడే’ అనే నమ్మకం గట్టిగా రాళ్ళతో కట్టేసి ఉంది.

చరిత్రకారులకి మాత్రం అనుమానం పోలేదు. పాత రాతల్లో ఈ యుద్ధానికి రెడెమోర్ అనే పేరు కూడా ఉంది. రెల్లు పెరిగే చిత్తడి నేల అని దాని అర్థం. మిట్ట మీద చిత్తడి ఎక్కణ్ణుంచి వస్తుంది? యుద్ధంలో చనిపోయినవాళ్ళని పూడ్చారని చెప్పే చర్చి డాడ్లింగ్టన్ ఊళ్ళో ఉంది, అది కొండకి దక్షిణంగా. లెక్క కుదరడం లేదు.

2005లో గ్లెన్ ఫోర్డ్ అనే పురావస్తు పరిశోధకుడి నాయకత్వంలో, బ్యాటిల్‌ఫీల్డ్స్ ట్రస్ట్ తరఫున సర్వే మొదలైంది. ముందు మట్టిని పరీక్షించి, ఊళ్ళ పేర్లూ పాత పత్రాలూ తిరగేసి, ఐదొందల ఏళ్ళ కిందట చిత్తడి ఎక్కడుండేదో వెతికారు. ఆ తర్వాత డిటెక్టర్లు పట్టుకున్నవాళ్ళు పొలాల్లో వరసలు కట్టి నడిచారు. ఒక రోజో రెండు రోజులో కాదు, ఏళ్ళ తరబడి. సుమారు 7 చదరపు కిలోమీటర్లు. దొరికిన ప్రతిదాన్నీ జీపీఎస్‌తో మ్యాప్ మీద గుర్తు పెట్టారు.

చివరికి కొండకి నైరుతిగా, 3 కిలోమీటర్ల దూరంలో, ఫెన్ లేన్ అనే పాత రోమన్ రోడ్డు పక్కన సీసపు గుండ్లు దొరకడం మొదలైంది. ఒకటి, రెండు, పది.. చివరికి 30 దాటాయి. చిన్న ఫిరంగుల్లోంచీ, చేతి తుపాకుల్లోంచీ పేలినవి. దాంతో చోటు తేలిపోయింది. 2010 ఫిబ్రవరిలో అసలు చోటు ఏదో లోకానికి చెప్పారు.

అసలు ఆ రోజు పొలంలో ఎక్కువగా పడింది సీసం కాదు, ఇనుము. బాణపు ములుకులు, కత్తులు, గొడ్డళ్ళు, కవచాల ముక్కలు, గుర్రపు లాడాలు. మరి దారి చూపించింది సీసం ఎందుకయింది? ఇక్కడే డిటెక్టర్ లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

‘ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు’

యుద్ధభూమిలో మనబోటివాళ్ళు డిటెక్టర్ తిప్పడం కుదరదు. అందుకని నా రూమ్మేట్ పార్ట్‌టైమ్ చేసే చోట పరిచయమైన ఒక పెద్దాయన్ని బతిమాలాం. వయసు 70 పైనే. ముప్పయ్యేళ్ళుగా ఇదే పిచ్చి. అక్కడికి కొన్ని మైళ్ళ అవతల ఒక రైతు పొలంలో వెతకడానికి ఆయనకి రాతపూర్వక అనుమతి ఉంది. పంట కోసి దున్నిన చేను. మమ్మల్ని చూడగానే ఆయన మొదటి మాట: “ఫోన్లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మీ సిగ్నళ్ళు నా మెషీన్‌ని పిచ్చెక్కిస్తాయి.”

హెడ్‌ఫోన్లు నాకిచ్చాడు. కాయిల్ నేలకి రెండు వేళ్ళ ఎత్తులో అటూ ఇటూ ఊపుతూ నడవాలి, చీపురుతో వాకిలి ఊడ్చినట్టు. నాలుగడుగులు వేశానో లేదో చెవిలో ‘గుర్ర్..’ మని మొరటు శబ్దం.

“ఇనుము,” అన్నాడు ఆయన, తెర కూడా చూడకుండా. “మేకు అయ్యుంటుంది. వదిలెయ్.”

ఇంకో పది అడుగులకి సన్నగా ‘పీప్’. ఈల వేసినట్టు.

“అదీ! అది ఇనుము కాదు. తవ్వు.”

జానెడు లోతులో దొరికింది. ఆకుపచ్చ రంగు పట్టిన పెన్నీ. ఒకవైపు విక్టోరియా రాణి బొమ్మ, మొహం అరిగిపోయి తలకట్టు మాత్రమే మిగిలింది. నా రూమ్మేట్ గుంటూరు వాడు. “మావా, ఈ మెషీన్‌కి కళ్ళున్నాయిరా!” అన్నాడు. కళ్ళు కాదు, చెవులున్నాయి. అదేం వింటుందో పెద్దాయన టీ ఫ్లాస్క్ మూత తీస్తూ చెప్పాడు. నేను మన భాషలో చెబుతాను.

ఎవరు ఎప్పుడు అందుకున్నారు?

కాయిల్‌లో నిజానికి రెండు తీగచుట్లు ఉంటాయి. ఒకటి పలికేది, ఒకటి వినేది. పలికే చుట్టలో కరెంటు సెకనుకి వేల సార్లు అటూ ఇటూ మారుతుంది. దానితోపాటు దాని చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం కూడా మారుతూ నేలలోకి దిగుతుంది. వినే చుట్టని పలికే చుట్ట గోల నేరుగా వినపడని కోణంలో అమరుస్తారు. కింద ఏమీ లేకపోతే దానికి నిశ్శబ్దమే.

ఇప్పుడు కింద ఒక రాగి నాణెం ఉందనుకోండి. మారే అయస్కాంత క్షేత్రం తగలగానే నాణెంలో చిన్నచిన్న కరెంటు సుడులు పుడతాయి. వాటినే ఎడ్డీ కరెంట్లు అంటారు. మీ ఇంట్లో ఇండక్షన్ స్టౌ మీద గిన్నె వేడెక్కడంలో పెద్ద పాత్ర వీటిదే. ఈ సుడులకి తమదైన అయస్కాంత క్షేత్రం ఉంటుంది. అది పైనుంచి వచ్చిన మార్పుని ఎదిరిస్తుంది. వినే చుట్టకి అది చేరుతుంది. ‘కింద ఏదో ఉంది’ అని తెలుస్తుంది.

ఇనుము తీరు వేరు. అది అయస్కాంతానికి చుట్టం. పైనుంచి క్షేత్రం రాగానే ఎదిరించదు, తనూ అయస్కాంతంలా మారి, క్షేత్రాన్ని తనలోకి లాక్కుంటుంది. అదే దిశలో, అదే క్షణంలో.

భజన గుర్తు తెచ్చుకోండి. ముందు ఒకాయన పాడతాడు, మిగతావాళ్ళు అందుకుంటారు. ఇనుము ఎలాంటిదంటే, పాడేవాడితోపాటే గొంతు కలిపేస్తుంది. పల్చటి అల్యూమినియం రేకు కొంచెం ఆగి అందుకుంటుంది. మందపాటి రాగి, వెండి ఇంకా ఆలస్యంగా అందుకుంటాయి, అదీ పూర్తిగా ఎదురు స్వరంలో. కరెంటు ఎంత సాఫీగా పారితే సుడి అంత సేపు నిలుస్తుంది, జవాబు అంత వెనకబడుతుంది. డిటెక్టర్ చూసేది ఈ వెనకబాటునే. దీన్ని ఫేజ్ తేడా అంటారు. జవాబు ఎంత గట్టిగా వచ్చిందన్నది కాదు, ఎప్పుడు వచ్చిందన్నది ముఖ్యం. గట్టిదనం లోతుని బట్టీ మారుతుంది. చిన్న మేకు పైన ఉన్నా, పెద్ద గడ్డపార లోతున ఉన్నా ఒకే మోతాదు శబ్దం రావచ్చు. తాళం మాత్రం అంత తేలిగ్గా మారదు.

ఆ తాళాన్ని మెషీన్ ఒక నంబరుగా మార్చి తెర మీద వేస్తుంది. ఒక్కో కంపెనీ స్కేలు ఒక్కోలా ఉంటుంది గానీ వరస మాత్రం దాదాపు ఒకటే. అడుగున ఇనుము, పైకి వెళ్తుంటే రేకులు, డబ్బా మూతల రింగులు, సీసం, ఇత్తడి, చివర్లో పెద్ద రాగి, వెండి నాణేలు. ఇనుము వైపు నంబరొస్తే మొరటు శబ్దం, పై నంబరొస్తే ఈల. వినేవాడు తెర చూడక్కర్లేదు.

మరి బంగారం ఎక్కడ? అదే అసలు చిక్కు. బంగారపు ఉంగరం నంబరు, కూల్‌డ్రింక్ డబ్బా రింగు నంబరు తరచూ ఒకేచోట పడతాయి. ఎందుకంటే మెషీన్‌కి లోహం పేరు తెలీదు. ఆ వస్తువులో కరెంటు ఎంత సాఫీగా పారింది, వస్తువు ఎంత మందం, ఎంత సైజు అన్నవన్నీ కలిసిన ఒక్క అంకె మాత్రమే తెలుసు. “ముప్పయ్యేళ్ళలో నేను తవ్వినన్ని డబ్బా రింగులు ఫ్యాక్టరీ కూడా చేసుండదు,” అన్నాడు పెద్దాయన.

లాడం చేసిన మోసం

మధ్యాహ్నం ఒక గట్టి ఈల వినపడింది. నంబరు పైన. రూమ్మేట్ కళ్ళు మెరిశాయి. పెద్దాయన నవ్వి, “ఏముంటుందో పందెం?” అన్నాడు. మావాడు వెండి అన్నాడు. తవ్వితే తుప్పు పట్టిన గుర్రపు లాడం.

ఇనుమే కదా, మరి ఈల ఎందుకేసింది? ఇనుము అయస్కాంతానికి చుట్టమే గానీ కరెంటు కూడా దానిలో పారుతుంది. సన్నటి మేకులో సుడి తిరగడానికి చోటుండదు. అందుకని దాని అయస్కాంత గుణమే పైకి వినపడుతుంది. వెడల్పుగా, చదునుగా, వంపు తిరిగి ఉన్న ఇనుములో, అంటే లాడం, రేకు, వాషర్, సీసా మూతలాంటి వాటిలో సుడులు గట్టిగా తిరుగుతాయి. రెండు గుణాలూ పోటీ పడతాయి. ఒక్కోసారి సుడి గెలుస్తుంది. అప్పుడు ఇనుము వెండిలా మాట్లాడుతుంది.

దీనికి కిటుకులున్నాయి. ఒకటి, అటూ ఇటూ ఊపాక, తొంభై డిగ్రీలు తిరిగి మళ్ళీ ఊపడం. నాణెం ఎటు నుంచి విన్నా ఒకేలా పలుకుతుంది. ఇనుము ఒకవైపు ఈల, ఇంకోవైపు గుర్రు. రెండోది, ఒకే వేగంతో కాకుండా రకరకాల ఫ్రీక్వెన్సీల్లో పలికి వినడం. తక్కువ ఫ్రీక్వెన్సీలో ఇనుము అయస్కాంత గుణం బయటపడుతుంది, ఎక్కువ ఫ్రీక్వెన్సీలో సుడులది పైచేయి. రెండు జవాబులూ పోల్చి చూస్తే మోసం చాలావరకు పట్టుబడుతుంది. ఈమధ్య వచ్చిన మెషీన్లు చేసేది ఇదే. అయినా మొత్తంగా పట్టుబడదు.

మీ ఫోన్‌లోనూ ఒకటుంది

బ్రేక్‌లో ఫోన్ ఆన్ చేసి నేను ఒక మెటల్ డిటెక్టర్ యాప్ వేశాను. మీరూ ఇప్పుడే చెయ్యొచ్చు. ఫోన్‌లో దిక్సూచి కోసం ఒక చిన్న అయస్కాంత సెన్సార్ ఉంటుంది. యాప్ దాన్నే చదువుతుంది. ఏమీ లేనప్పుడు భూమి అయస్కాంత క్షేత్రం, మన దగ్గరైతే 40 మైక్రోటెస్లాల చుట్టుపక్కల, చూపిస్తుంది. ఇనుప పెనం దగ్గరికి తీసుకెళ్ళండి, అంకె గంతులేస్తుంది. అమ్మ గాజుల దగ్గరికి తీసుకెళ్ళండి, కదలదు. బంగారం, వెండి, రాగి, అల్యూమినియం.. దేనికీ ఉలకదు, పలకదు. ఎందుకంటే ఫోన్ ఏమీ పలకదు, వినడమే. సుడులు పుట్టించే పని చెయ్యదు. కాబట్టి దానికి తెలిసింది ఇనుమూ దాని చుట్టాలే.

అంటే ఫోన్ ఇనుము తప్ప ఇంకేమీ చూడదు. పొలంలో హాబీగా వెతికేవాడు ఇనుము తప్ప అన్నీ చూడాలనుకుంటాడు. ఫోన్‌లో ‘గోల్డ్ ఫైండర్’ అని యాప్ కనపడితే ఇక మీరే అర్థం చేసుకోండి.

గుర్రుని మ్యూట్ చేస్తే ఏం పోతుంది?

డిటెక్టర్‌లో ఒక సెట్టింగ్ ఉంటుంది. ఇనుము నంబర్లన్నిటికీ శబ్దం రాకుండా చెయ్యొచ్చు. పొలంలో మేకులే మేకులు, ప్రతి గుర్రుకీ తవ్వితే నడుం విరుగుతుంది. అందుకే ఎక్కువమంది ఇనుముని మ్యూట్‌లో పెడతారు. హాయిగా ఉంటుంది.

కానీ రెండు నష్టాలు. మొదటిది, మేకు పక్కనే నాణెం ఉంటే మేకు గొంతులో నాణెం గొంతు మునిగిపోవచ్చు. ఇనుము మ్యూట్‌లో ఉంటే అక్కడ ఏదో ఉందనే సంగతే చెవికి చేరదు. పక్కపక్కన ఉన్నవాటిని విడదీసి వినే మెషీన్లు వచ్చినా ఈ సమస్య పూర్తిగా తీరలేదు.

ఇది చాలా పాత తలనొప్పి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ని ఒకడు తుపాకీతో కాల్చాడు. తూటా ఒంట్లో ఎక్కడుందో డాక్టర్లకి దొరకలేదు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇలాంటి తీగచుట్లతోనే ఒక పరికరం చేసి తెచ్చాడు. వినడానికి టెలిఫోన్ రిసీవర్. వెతకాల్సింది సీసపు తూటా. కానీ రోగి పడుకున్న పరుపులో ఉక్కు స్ప్రింగులున్నాయి. పైగా డాక్టరు కుడివైపు మాత్రమే వెతకనిచ్చాడు, తూటా ఉన్నది ఎడమవైపు. తూటా దొరకలేదు. సెప్టెంబరులో అధ్యక్షుడు చనిపోయాడు.

రెండో నష్టం ఇంకా పెద్దది. ఇనుమే చరిత్ర అయిన చోట ఇనుముని మ్యూట్ చేస్తే చరిత్రే మ్యూట్ అవుతుంది. యార్క్‌షైర్‌లో టౌటన్ అనే ఊరుంది. అక్కడ 1461లో మంచు తుపానులో ఘోరమైన యుద్ధం జరిగింది. ఆ పొలాల్లోంచి డిటెక్టర్లతో ఇనుప బాణపు ములుకులు బయటికి తీశారు. ఎవరు ఎటు నుంచి బాణాలు వేశారో వాటిని బట్టి ఊహించగలిగారు. గుర్రు శబ్దం విన్నప్పుడల్లా వంగి తవ్వినవాళ్ళు ఉండబట్టే అది జరిగింది.

బోస్వర్త్‌లో ఆ అదృష్టం లేదు. సీసం తుప్పు పట్టదు. పైన తెల్లటి పొర కడుతుంది, లోపల అలాగే ఉంటుంది. ఇనుము తడినేలలో నెమ్మదిగా కరిగిపోతుంది. ఐదు శతాబ్దాల దుక్కి, ఎరువులు, వాన తర్వాత సన్నటి ములికిలో మిగిలేది ఎర్రమట్టి మరకే. మిగిలినా, డిటెక్టర్ చెవికి దానికీ నిరుడు ట్రాక్టరు నుంచి రాలిన బోల్టుకీ పెద్ద తేడా ఉండదు. యుద్ధం చేసింది ఇనుము, సాక్ష్యం చెప్పింది సీసం.

వరాహం దొరికిన చోటు

సాయంత్రం ఫెన్ లేన్ వైపు వెళ్ళాం. రోడ్డుకి రెండువైపులా కంచెలు, అవతల చదును పొలాలు. ఇవి జనాల సొంత పొలాలు. రోడ్డు మీద నిలబడే చూడాలి. ఒకప్పటి చిత్తడికి ఇప్పుడు గుర్తేమీ లేదు, ఎప్పుడో కాలవలు తవ్వి నీళ్ళు తోడేశారు.

ఆ చిత్తడి అంచునే సర్వేవాళ్ళకి ఒక చిన్న బొమ్మ దొరికింది. వెండితో చేసి బంగారు పూత పూసిన అడవిపంది. తెల్ల అడవిపంది రిచర్డ్ సొంత గుర్తు. మన చాళుక్యులకి వరాహం ఎలాగో ఈయనకి అలాగ. బంగారు పూత వెండి బ్యాడ్జి మామూలు సిపాయి పెట్టుకునేది కాదు, రాజు పక్కనే ఉండే పెద్దమనిషిది అయ్యుంటుంది. పాత రాతల్లో రాజు గుర్రం చిత్తడిలో దిగబడిందని ఉంది. అంటే రిచర్డ్ ఆఖరి నిమిషాలు ఈ చుట్టుపక్కలే గడిచి ఉండొచ్చు. ఆ బొమ్మ ఇప్పుడు కొండ మీది కేంద్రంలో ఉంది. పొద్దున చూసినప్పుడు అందంగా ఉందనుకున్నా. ఈ పొలం ముందు నిలబడ్డాక అది ఎవరి ఛాతీ మీద నుంచి ఊడిపడిందో అనిపించింది.

ఈ నేల ఎప్పటికీ ఇలాగే ఉంటుందన్న హామీ లేదు. 2018లో డ్రైవర్ లేని కార్లని పరీక్షించే ట్రాక్ ఒకటి యుద్ధభూమి హద్దులోకి కొంత వచ్చేలా స్థానిక కౌన్సిల్ అనుమతి ఇచ్చింది. చరిత్ర ప్రేమికులు గట్టిగా గొడవ చేశారు. ఉద్యోగాలు కావాలన్నవాళ్ళ మాటా కాదనలేం. కానీ ఒకటి మాత్రం నిజం. ఒక వస్తువు ఎంత విలువైనదో అది దొరికిన చోటే చెబుతుంది. ఆ సీసపు గుండ్లు ఎవరో తీసి జేబులో వేసుకుపోయి ఉంటే అవి ఇప్పుడు కాగితాలు ఎగరకుండా బల్ల మీద బరువుకి పనికొచ్చేవి. మ్యాప్ మీద చుక్కలైనందుకే యుద్ధభూమిని పట్టిచ్చాయి.

అందుకే ఇక్కడ చట్టం గట్టిగా ఉంది. భూమి యజమాని అనుమతి లేకుండా వెతకకూడదు. రక్షిత కట్టడాల దగ్గర డిటెక్టర్ ఆన్ చెయ్యడమే నేరం. 1996 నాటి ట్రెజర్ చట్టం కింద పాత బంగారం, వెండి దొరికితే 14 రోజుల్లో చెప్పాలి. చట్టం కిందికి రాని మామూలు వస్తువులు కూడా స్వచ్ఛందంగా చూపించి రాయించుకునే పథకం ఒకటుంది. అందులో ఇప్పటికి 15 లక్షలకి పైగా వస్తువులు ఎక్కాయి. మా పెద్దాయన బక్కిల్స్, బొత్తాలు కూడా అందులో ఉన్నాయట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో పద్మశ్రీ వచ్చినంత గర్వం.

మన దగ్గర సంగతి

మాది మార్కాపురం వైపు. మా చుట్టుపక్కల పాత గుళ్ళకి దొంగల బెడద కన్నా గుప్తనిధుల బెడద ఎక్కువ. అమావాస్య వెళ్ళాక చూస్తే నంది పక్కకి ఒరిగి ఉంటుంది, కింద గొయ్యి, పక్కన నిమ్మకాయలు. ఒకప్పుడు నిమ్మకాయతో ఆగేది. ఇప్పుడు యూట్యూబ్ చూసి మెషీన్ తెస్తున్నారు. ‘ముప్పై అడుగుల లోతులో బంగారం చూపిస్తుంది’ అని లక్షలు పోసి కొంటున్నారు, అప్పులు చేసి మరీ.

ఇంతదాకా చదివారు కాబట్టి మీకు తెలుసు. బంగారం పేరు పెట్టి పిలిచే మెషీన్ లేదు. నాణెం సైజు వస్తువు అడుగు లోతు దాటితే మంచి డిటెక్టర్‌కే కష్టం. మన నేలల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇనుప ఖనిజం కలిసిన మట్టి తానే గుర్రుమంటుంది. మట్టి గోలని తీసేసి వినేలా మెషీన్‌ని సరిచూసుకోకపోతే నేలంతా నిధే. ఆ గుర్రు విని గుడి పునాది తవ్విన కథలు పేపర్లో ఎన్ని చూడలేదు? దొరికేది ఏ పాత మేకో, పోయేది వెయ్యేళ్ళ శాసనం.

మనకీ చట్టం ఉంది, బ్రిటిష్‌వాళ్ళ కన్నా పాతది. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలి. మీ పొలం దున్నుతుంటే బిందె దొరికినా అంతే. ఏ వీడియోలోనూ ఈ ముక్క చెప్పరు.

వెళ్ళాలనుకుంటే

లెస్టర్ నుంచి కారులోనే తేలిక. ఆంబియన్ హిల్ కేంద్రంలో మొదలుపెట్టండి. సీసపు గుండ్లు, వెండి వరాహం అక్కడే. షెంటన్ వైపు దిగితే వారాంతాల్లో పాతకాలపు రైలు తిరిగే స్టేషన్ ఉంది, పక్కనే యాష్బీ కాలవ గట్టు. వానాకాలపు బూట్లు మర్చిపోకండి, ఇక్కడ ఏడాదంతా వానాకాలమే.

తిరిగి లెస్టర్ వచ్చాక రిచర్డ్ పేరు మీదున్న విజిటర్ సెంటర్‌కి కూడా వెళ్ళండి. 2012లో కారు పార్కింగ్ కింద ఆయన అస్థిపంజరం దొరికింది ఆ పక్కనే. దాని మీద చావు ముందర తగిలిన గాయాలు 11 లెక్కపెట్టారు, అందులో 9 తల మీదే. గాజు నేల కింద సమాధి గుంట కనిపిస్తుంది. అస్థిపంజరం బయటపడిన రోజుల్లో వెన్నుపూసల దగ్గర ఒక ఇనుప ముక్క దొరికింది. బాణపు ములికి అనుకున్నారు. లోకమంతా పేపర్లలో అలాగే వచ్చింది. తర్వాత ఎక్స్‌రే తీసి చూస్తే అది మేకు. రాజుకీ దానికీ సంబంధం లేదు. బహుశా రోమన్ల కాలంలో ఎవరో పారేసుకున్నది, గుంట తవ్వేటప్పుడు మట్టితోపాటు వచ్చి పడింది.

అది ఇనుమని చెప్పడానికి ఏ డిటెక్టరైనా చాలు. మేకు అని చెప్పడానికి మాత్రం దాన్ని దొరికిన చోటు నుంచి జాగ్రత్తగా తీసి, ఎక్స్‌రే కింద పెట్టి, ఓపిగ్గా చూసే మనుషులు కావాల్సొచ్చింది.